మొక్కు కాదు మొర్రో

మా ఊళ్లో ఎవరైనా మొక్కు మొక్కుకున్నారంటే ఎందుకని అడగరు. అడిగితే అడిగినవాళ్లకు పాపం, చెప్తే చెప్పినవాళ్లకు ఫలితం దక్కదు. నేను పుట్టింది గట్టు అనే ఊరి దగ్గర. మా దిక్కు ఇంత పట్టింపు లేదు. మనిషి చెప్పుల్లేకుండా నడుస్తుంటే దారిలో ఆపి, చెప్పులు తెగాయా, ఎవరన్నా ఎత్తుకుపోయారా అని అడిగి మరీ తెలుసుకుంటారు. వనపర్తి దిక్కు కోడలిగా వచ్చిన కొత్తలో ఈ ఊరి మర్యాద నాకు ముచ్చటగా ఉండేది. ఎవరి బాధనూ తవ్వి అడగరు, మంచి మనుషులు అనుకున్నాను. ఆ మర్యాదే ఒకనాడు నా ప్రాణానికొస్తుందని నాకేం తెలుసు.

ఆ వానాకాలం ఖమ్మం దిక్కు ఏర్లు ఊళ్ల మీద పడ్డాయి. టీవీ పెడితే అదే, ఫోన్ తెరిస్తే అదే. నా బిడ్డ అప్పుడు ఆరో తరగతి. వాళ్ల బడికి సైన్సు సారు కొత్తగా వచ్చాడు, ఇంకా పెళ్లి కాని పిల్లాడు, మనసు మంచిది. పిల్లలందరినీ కూర్చోబెట్టి ఫోన్లో ఒక వీడియో చూపించాడట. ఏ దేశమో ఏమో, ఒక పిల్ల రోజూ చెరువు చుట్టూ పరుగెత్తుతుంటే, ఆ కష్టం చూసినవాళ్లు వరద బాధితుల కోసమని ఆ పిల్ల చేతికి డబ్బులిస్తున్నారట. మీరూ ఆరుబయట ఏదో ఒక కష్టమైన పని పెట్టుకోండి, రోజూ చేయండి, జనం ఇచ్చింది డబ్బాలో వేయండి, వనపర్తి నుంచి సామాన్ల బండి పోయేనాటికి అన్నీ కలిపి పంపిద్దాం అన్నాడు. అందరికీ తలా ఒక డబ్బా ఇచ్చాడు.

బిడ్డ సంచీ దించకముందే చెప్పింది, రోజూ పొద్దున్నే ఊరి గుట్ట ఎక్కుతానని. ఉత్తగా కాదు, నెత్తిన నీళ్ల బిందె పెట్టుకుని.

"గుట్టెక్కితే పైసలెవరిస్తరే? కాళ్లనొప్పులొస్తయి, గంతే," అన్నాను.

"కష్టం చూసి ఇస్తరంట అమ్మా."

కష్టం చూసి డబ్బులిచ్చేవాళ్లే ఉంటే పాలమూరులో అందరం షావుకార్లమే అయ్యేవాళ్లమని నాకు నోటిదాకా వచ్చింది. అనేశాను కూడా. దానికి అది నవ్వలేదు. టీవీలో తనంత పిల్ల ఒకతి మోకాళ్లలోతు బురదనీళ్లలో బిందె నెత్తిన పెట్టుకుని తాగేనీళ్ల కోసం పోతుండగా చూసిందట. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. అందుకని తనకూ బిందె కావాలంది. నా పెళ్లినాటి సామాన్లలో చిన్న స్టీలు బిందె ఒకటుంటే తీసి ఇచ్చాను.

మొదటి రోజు రబ్బరు చెప్పులతో పోయింది. వానకు బండలు పాకురుపట్టి ఉన్నాయి. సగం దూరంలోనే జారి మోచెయ్యి గీసుకుని వచ్చింది. మర్నాటి నుంచి చెప్పులు ఇంట్లోనే వదిలి, కాలివేళ్లతో బండను పట్టుకుంటూ ఎక్కసాగింది. దిగి రాగానే బడికి పోవాలి కాబట్టి తెల్లారకముందే తలమీద నీళ్లు పోసుకుని పోయేది. గుట్ట మీద పెద్ద బండగుండు మీద సిందూరం పూసిన ఆంజనేయుడున్నాడు. ఆయన కాళ్ల దగ్గర బండలో గుంత ఒకటుంది, మేకలు వచ్చి తాగుతాయి. నిండు బిందె మళ్లీ కిందికి మోయడమెందుకని ఆ గుంతలో పోసి వచ్చేది. ఇదీ జరిగింది. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు.

కానీ మా ఊరి కంటితో ఒక్కసారి చూడండి. ఒక ఆడపిల్ల తెల్లారకముందే తలస్నానం చేసి, తడి జుట్టుతో, చెప్పుల్లేని కాళ్లతో, బిందెడు నీళ్లతో గుట్టెక్కి, ఆంజనేయుడి కాళ్ల దగ్గర పోసి, ఖాళీ బిందెతో దిగి వస్తోంది. ఇంకెవరికి ఏం అనుమానం?

మొదట చూసింది ఎదురింటి అవ్వ. చీపురు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉండేది ఆ వేళకు. బిడ్డను చూసి చీపురు కింద పెట్టి దండం పెట్టింది. నా బిడ్డకు ప్రాణం లేచొచ్చింది, దిగి వచ్చాక డబ్బా పట్టుకుని నేరుగా అవ్వ దగ్గరికే పోయింది. "అవ్వా, నేను గుట్ట ఎందుకెక్కుతున్ననంటే" అనేలోపే అవ్వ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

"చెప్పకు బిడ్డా. నోట్లెకెల్లి బయటపడ్డదంటే ఫలితం పోతది. నీ కడుపుల్నే పెట్టుకో."

అంతటితో ఆగకుండా ఆ డబ్బాకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి పంపింది. డబ్బా మీద సారు అతికించిన కాగితం అప్పటికే వానకు నాని, అక్షరాలు కారిపోయి నీలం మరకలు మిగిలాయి. ఇప్పుడు బొట్టు కూడా వచ్చింది. ఇంక అది వరద డబ్బా అని ఎవరు చెప్తారు?

నేను ఊరుకున్నానా? ఊరుకునే రకాన్ని కాదు. నేను జాకెట్లు కుడతాను, ఊళ్లో సగం మంది ఆడవాళ్లు నా మిషన్ దగ్గరికి రావాల్సిందే. వచ్చిన ప్రతి మనిషికీ, ఎదురింటి అవ్వ వాకిట్లో నిలబడి ఆమెకూ చెప్పాను, అది మొక్కు కాదు, బడిలో చెప్పిన పని, వరదొచ్చినవాళ్లకు డబ్బులు పోగుచేస్తోంది, తోచింది డబ్బాలో వేయండి అని. అందరూ తల ఊపారు. ఒకామె నా భుజం తట్టి, గట్లనే అనాలె, బయటికి చెప్పొద్దు అని నన్నే మెచ్చుకుంది. మా ఊళ్లో మొక్కున్న మనిషి కాదనడమే పద్ధతి. కాదన్నారంటే మొక్కు గట్టిదని లెక్క. నేను ఎంత గొంతు చించుకుంటే వాళ్లు అంత గట్టిగా నమ్మారు.

కిరాణా కొట్టాయన ఒక్కడే నా మాట చివరిదాకా విన్నాడు. విని, పప్పు పొట్లం కడుతూ, "అంతా మంచిదే గని చెల్లె, పిల్ల గుట్టెక్కితే వరదోళ్లకు ఏమొస్తది?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమైనా నయం, వాడు ఎదురు ప్రశ్న వేయడు. నేను పప్పు తీసుకుని వచ్చేశాను.

శనివారం వచ్చింది. మా ఊళ్లో మొక్కు మీదున్నవాళ్లు శనివారం ఖాళీ పాత్రతో వాకిటి ముందు నుంచి పోతే ఉత్త చేతులతో పంపరు. పిడికెడు జొన్నలు పోస్తారు. బియ్యం పోయరు, రేషన్ బియ్యం దేవుడికి పనికిరావని. నా బిడ్డ గుట్ట దిగి ఖాళీ బిందెతో వస్తుంటే ఇంటింటా బయటికి వచ్చి బిందెలో జొన్నలు పోశారు. డబ్బా చూపిస్తే డబ్బాకు మొక్కారు. ఇంటికొచ్చేసరికి బిందె నిండింది, డబ్బాలో మాత్రం ఎండిన బంతిపువ్వు ఒకటుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అత్త ఆ జొన్నలు చాటలో పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆమెకు అన్నీ తెలుసు, బిడ్డ ఎందుకు ఎక్కుతోందో మొదటి రోజే చెప్పాను. అయినా పొద్దున్నే దాని పాదాలకు పసుపు రాసి పంపేది.

"నువ్వన్న జెర చెప్పొచ్చు గదత్తా ఊరోళ్లకు?" అంటే, "మొక్కైతే మాత్రం తప్పేంది? దానికి పుణ్యమే గద," అంది. ఇంట్లోనే ఇట్లా ఉంటే ఊరిని ఏమనాలి?

ఇంత జరిగాక కుర్రకారుకైనా అర్థం కావద్దా? చదువుకున్నవాళ్లు, చేతిలో ఫోన్లు. బస్టాండు దగ్గర కూర్చునే పోరగాళ్లు నా బిడ్డ బండ మీద పాకుతూ ఎక్కుతుంటే వెనక నుంచి వీడియో తీసి, దానికి భజన పాట కలిపి స్టేటస్ పెట్టారు. నేను పోయి నిలదీశాను. అరేయ్, పాట తీసేసి వరద కోసమని రాయండిరా అని. ఒకడు తల గోక్కుంటూ, పాట తీసేస్తే ఎవరూ చూడరక్కా అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. వాళ్లమ్మ జాకెట్టు నా దగ్గరే ఉంది, దాంతో ఊరుకున్నాను.

ఇంక ఆ మొక్కు ఎందుకో అడగరు గానీ, తమలో తాము అనుకోకుండా ఉంటారా? నా పెనిమిటి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. స్లాబులు ఆగకుండా పడుతున్నాయని ఆ మధ్య ఇంటికి రాలేదు. ఊరు ఆ రెండింటినీ ముడివేసింది. కొలతలివ్వడానికి వచ్చిన ఒకామె టేపు పట్టుకున్న నా చెయ్యి పట్టుకుని, ఆయన పాణం ఎట్లున్నది అని మెల్లగా అడిగింది. ఆయనకేం, గుండులా ఉన్నాడన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, ఎంత ఓర్చుకుంటుందో అనుకుందేమో. కొందరు కిడ్నీ అన్నారట, కొందరు ఇంకో ఆడమనిషి అన్నారట. ఆ కోపంలో ఆమె జాకెట్టు చంకల దగ్గర బిగించి కుట్టేశాను. మళ్లీ విప్పి కుట్టాల్సి వచ్చింది, ఆ దారం ఖర్చూ నాదే.

రెండు రోజులకు ఆయన ఫోన్.

"ఏందే, నాకేమైందంట? పొద్దుగాలకెల్లి ఊరోళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఒకాయనైతే బతికే ఉన్నవా అని నన్నే అడుగుతుండు."

అంతా మొదటి నుంచి చెప్పాను. అంతా విని, "గుట్టెక్కితే పైసలెవరిస్తరే?" అన్నాడు. ఫోన్ కట్ చేశాను.

ఇవన్నీ నా చికాకులు. బిడ్డ సంగతి వేరు. బడిలో మిగిలిన పిల్లలు కొందరు పరుగు, కొందరు సైకిలు పెట్టుకున్నారు. రోడ్డు పక్క హోటళ్ల ముందు తొక్కారు కాబట్టి వచ్చేపోయేవాళ్లు ఏదో ఒకటి వేశారు. వాళ్ల డబ్బాలు ఊపితే మోగేవి. నా బిడ్డ డబ్బా ఊపితే చప్పుడు లేదు. ఒక సాయంత్రం అది అరుగు మీద కూర్చుని డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతోంది. నన్ను చూసి ఆపింది.

"నేను సరిగ్గ ఎక్కుతలేనా అమ్మా?"

ఊరంతటి మీద నాకున్న కోపం అప్పుడు రెట్టింపైంది. సరిగ్గానే ఎక్కుతున్నావే, వాళ్లకే బుర్ర లేదన్నాను. అది నమ్మలేదు. కష్టం చూసి ఇస్తారని సారు చెప్పాడు, ఇవ్వలేదంటే తన కష్టం చాలలేదని లెక్క వేసుకుంది. మర్నాడు నేను లేచేసరికి చిన్న బిందె ఇంట్లోనే ఉంది. మేము బోరింగు నుంచి నీళ్లు తెచ్చుకునే పెద్ద బిందె లేదు.

పరుగెత్తుకుంటూ పోయాను. గుట్ట మొదట్లోనే కనిపించింది. మెడ బిగబట్టుకుని, రెండు చేతులతో బిందెను పట్టుకుని ఎక్కుతోంది. చేతులు బిందెకు పోతే బండను పట్టుకునేది ఎట్లా? కింద పదిమంది నిలబడి చూస్తూ గోవిందా అంటున్నారు. ఒక్కరికైనా పిల్ల పడుతుందేమో అన్న రంది లేదు, దేవుడు చూసుకుంటాడని. నేను కొంగు దోపుకుని ఎక్కి దాని వెనకే నడిచాను, బిందెకు కింద చెయ్యి పెట్టి. పై నుంచి నీళ్లు తొణికి నా మొహమంతా తడిసింది. తిట్టుకుంటూనే ఎక్కాను. సారును, వీడియోను, ఊరిని, ఆ గుండు మీది ఆంజనేయుణ్ణి కూడా వదల్లేదు. దిగివచ్చేసరికి దాని అరికాలిలో తుమ్మముల్లు దిగి ఉంది. మా అత్త పిన్నీసుతో తీస్తుంటే పళ్లు బిగబట్టింది గానీ ఏడవలేదు.

ఇంక చాలు, రేపటి నుంచి పోవద్దన్నాను. బండి పోయే రోజు దాకా అని మాటిచ్చాను కదమ్మా అంది. ఎవరికిచ్చావే మాట అని అరిచాను. టీవీలో చూసిన ఆ పిల్లకట.

బండి పోయే రోజు దగ్గరపడింది. సారు ఇంటింటికీ వచ్చి డబ్బాలు చూస్తూ మా ఇంటికీ వచ్చాడు. బొట్టు పెట్టిన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. మూలనున్న జొన్నల సంచీ చూపించాను, ఇదే మా బిడ్డ సంపాదన సారూ, తీసుకుపోండి అని. ఆయన మొహం చిన్నబోయింది. గింజలు వద్దన్నారమ్మా అన్నాడు. అక్కడ పిండి గిర్నీలు మునిగాయి, పొయ్యిలు తడిసి ఉన్నాయి, ఎట్లా వండుకుంటారు, నేరుగా తినేవో కట్టుకునేవో అయితేనే బండి ఎక్కిస్తారు. నాకు ఒళ్లు మండింది. బిడ్డ మాత్రం తలుపు చాటున నిలబడి వింది. లోపలికి పోయి బిందెను బోర్లించింది.

దాన్ని అట్లా చూశాక నాకు నిద్ర ఎక్కడిది? చిన్నప్పుడు మా అమ్మానాన్న గట్టు నుంచి పనులకు వలసపోయేటప్పుడు మూటలో ఏం కట్టుకునేవాళ్లు? జొన్న రొట్టెలు. మెత్తవి కాదు, పల్చగా కొట్టి, పెంక మీద కాల్చి, సన్నటి సెగకు ఆరబెట్టి అప్పడంలా గట్టిపరిచినవి. మేము కడక్ రొట్టెలంటాం. పొయ్యి లేని చోట, ఇల్లు లేని చోట రోజుల తరబడి వాటితోనే బతికేవాళ్లం. నీళ్లలో ముంచుకున్నా తినొచ్చు. తెల్లారగానే సంచీ ఎత్తి గిర్నీకి పంపించాను.

ఒక్కదాన్ని అన్ని రొట్టెలు కొట్టలేను. వీధిలో ఆడవాళ్లను పిలిచాను. మొక్కు చెల్లించడానికి రొట్టెలు అని మా అత్త ఒక్క మాట అందో లేదో, పీటలు, పెంకలు పట్టుకుని అంతా దిగారు. నాకు నోరు తెరిచే ఓపిక కూడా లేదు. ఏమైనా అనుకోండి, రొట్టెలు కొట్టండి అనుకున్నాను. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యిలు లేచాయి. మధ్యాహ్నానికి అరుగంతా రొట్టెలు ఆరుతున్నాయి. బిడ్డ ఎండినవాటిని దొంతర్లుగా పేర్చి తెల్లగుడ్డలో కడుతోంది, పక్కనే డబ్బా.

చివరి ముద్దలకు వచ్చేసరికి ఎదురింటి అవ్వ చేతులు దులుపుకుని నా వైపు చూసింది.

"మొక్కు చెల్లినట్టే గద పిల్లా?"

చెల్లిందన్నాను.

"అయితే ఇగ అడగొచ్చు." అవ్వ బిడ్డను దగ్గరికి పిలుచుకుంది. "ఏం మొక్కినవ్ బిడ్డా? ఎవలి కోసం?"

బిడ్డ నా మొహం చూసింది. చెప్పమని తల ఊపాను. అది చెప్పింది. ఏర్లు ఊళ్ల మీద పడటం, తనంత పిల్ల బురదలో బిందె మోయడం, చుట్టూ నీళ్లుండి తాగడానికి లేకపోవడం, ఆ బరువు ఎట్లుంటుందో చూడాలని తానూ మోయడం, చెప్పులు జారితే విడిచిపెట్టడం, డబ్బా ఎందుకో, సారు ఏం చెప్పాడో, అన్నీ. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నదంతా ఒక్కసారే ఆగకుండా చెప్పేసింది. రొట్టెలు కొట్టే చప్పుడు ఒక్కో పీట దగ్గరా ఆగిపోయింది.

"నీళ్ల మోత మాకు తెల్వదా బిడ్డా," అంది అవ్వ. "నీ అంతున్నప్పటికెల్లి అదే మోత. దేవుని కోసమనుకొని అడగకపోతిమి. మనుషుల కోసమని ఒక్క ముక్క ముందుగాల చెప్పకపోతివి?"

ముందుగాలట! ఆమె వాకిట్లోనే నిలబడి ఎన్నిసార్లు చెప్పానో నాకు తెలుసు. నా బిడ్డ నోరు మూసిన చెయ్యి ఏది? ఆ చెయ్యే కదా! నోరు తెరవబోయాను. మా అత్త నా మోకాలు గట్టిగా నొక్కింది. అవ్వ కొంగు చివర ముడి విప్పింది. ఆ ముడిలో ఏముందో అది డబ్బాలో వేసింది. ఇంకొకామె రవికెలోంచి చిన్న పర్సు తీసింది. మరొకామె, ఇప్పుడే వస్తా ఉండమని ఇంటికి పరుగెత్తింది.

బిడ్డ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మోగింది. మళ్లీ ఊపింది.

నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నా, కోపంతోనే వచ్చింది. ఆ అరికాలి ముల్లు, ఆ పెద్ద బిందె, ఇన్ని పొద్దులు, అంతా ఒక్క మాట అడిగితే పోయేది కదా. మొహం అటు తిప్పుకుని కూర్చున్నాను. అవ్వకు అది కూడా నచ్చలేదు.

"ఏమే పిల్లా, పెంక మీద రొట్టె మాడుతుంది, చూస్తలేవా?" అంది.